నిద్రా పెప్టైడు చరిత్ర: పేరుకూ ప్రమాణానికీ మధ్య దూరం

వ్యాససంగ్రహం:

గాఢనిద్రను, మానసిక ప్రశాంతతను కలిగిస్తాయన్న ప్రచారంతో కొన్ని పెప్టైడులు నేడు అంతర్జాతీయ విపణిలో అమ్ముడవుతున్నాయి. వాటిలో పాతది 1977లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరం నుంచి వెలువడిన డీఎస్ఐపీ. ‘డెల్టా నిద్రాప్రేరక పెప్టైడు’ అని దాని పూర్తి పేరుకు అర్థం. ఈ పదార్థం ఏ ప్రశ్నకు జవాబుగా వచ్చింది, ఏ ప్రమాణాల మీద దానికి ఆ పేరు ఏర్పడింది, తరువాతి పరిశోధనలో ఆ పేరు ఎంతవరకు నిలిచింది అనే విషయాలను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. ఒరెక్సిన్, సీఆర్ఎఫ్, సెలాంక్ అనే మరో మూడు పెప్టైడుల చరిత్రతో దానిని పోలుస్తుంది. నిరూపణ పూర్తికాకముందే పేరు స్థిరపడడం, నిరూపణ లభించకపోయినా ఆ పేరు కొనసాగడం నేటి ప్రచారానికి ముఖ్యాధారమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నిద్ర, ఒత్తిడి, పెప్టైడు, డీఎస్ఐపీ, ఒరెక్సిన్, సెలాంక్, శాస్త్రీయ ప్రమాణం, విజ్ఞానశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

అమైనో ఆమ్లాలు గొలుసులా కలిసి ఏర్పడే చిన్న అణువు పెప్టైడు. గొలుసు బాగా పొడవైతే దానిని ప్రోటీను అంటారు. ఇన్సులిన్, ఆక్సిటోసిన్ వంటి హార్మోన్లు పెప్టైడులే. వాటి వైద్యప్రయోజనం నిస్సందేహంగా రుజువైంది. కనుక ‘పెప్టైడు’ అనే మాటకు వైద్యరంగంలో సహజంగానే ఒక గౌరవం ఉంది. అయితే ఒక వర్గంలోని కొన్ని పదార్థాలు ఔషధాలు కావడం ఆ వర్గంలోని మిగతా వాటికి ప్రమాణం కాదు. ప్రతి పెప్టైడూ తన రుజువును తానే తెచ్చుకోవాలి.

నిద్ర కోసం, ఒత్తిడి నివారణ కోసం విక్రయిస్తున్న పెప్టైడుల ప్రచారంలో ‘శాస్త్రీయంగా నిరూపితం’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాట పూర్తిగా కల్పితం కాదు. దాని వెనుక నిజమైన ప్రయోగశాలలు, పేరున్న పత్రికలు, ప్రచురితమైన వ్యాసాలు ఉన్నాయి. వ్యాసాలు ఉన్నాయా లేవా అన్నదానికంటే, అవి ఏమి చెప్పాయి, వాటి తరువాత ఏమి జరిగింది అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం డీఎస్ఐపీ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

2. నిద్రాద్రవ్యం అనే భావన:

మేల్కొని ఉన్నంతసేపు శరీరంలో ఏదో ఒక పదార్థం పోగుపడుతుందని, అది ఒక స్థాయికి చేరినప్పుడు నిద్ర వస్తుందని భావించడం సులభం. ఈ ఊహను ప్రయోగానికి తెచ్చినవారిలో మొదటివాడు జపాన్‌లోని నగోయాకు చెందిన కునియోమి ఇషిమోరి. నిద్రకు దూరం చేసిన కుక్కల మెదడు నుంచి తీసిన సారం ఇతర కుక్కలకు నిద్ర తెప్పిస్తుందని ఆయన 1909లో ప్రకటించాడు. ఆ వ్యాసం జపనీస్ భాషలో ఉండడం వలన పాశ్చాత్య శాస్త్రజ్ఞుల దృష్టికి చాలాకాలం రాలేదు.

దాదాపు అదే కాలంలో ఫ్రాన్సులో రెనే లెజాండ్ర్, ఆన్రీ పియెరాన్ అనే శాస్త్రజ్ఞులు స్వతంత్రంగా ఇటువంటి ప్రయోగాలే చేశారు. రోజుల తరబడి మేల్కొలిపి ఉంచిన కుక్కల మస్తిష్క మేరుద్రవాన్ని, విశ్రాంతి పొందిన కుక్కలకు ఎక్కించినప్పుడు అవి నిద్రలోకి జారుకున్నాయి. ఆ ద్రవంలో ఉన్నదని తాము భావించిన పదార్థానికి వారు ‘హిప్నోటాక్సిన్’ అని పేరు పెట్టారు. నిద్ర శరీరధర్మాన్ని గురించి పియెరాన్ 1913లో ప్రచురించిన గ్రంథంతో ఈ భావన ప్రసిద్ధమైంది. పదార్థం చేతికి రాకముందే పేరు వచ్చింది. ఈ రంగంలో ఇదొక ఆనవాయితీకి ఆరంభం అని చెప్పవచ్చు.

1967లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ పాపెన్‌హైమర్ బృందం మేకలతో ఇదే ప్రశ్నను తిరిగి చేపట్టింది. నిద్రలేని మేకల మస్తిష్క మేరుద్రవం ఇతర జంతువులలో నిద్రను పెంచింది. ‘ఫ్యాక్టర్ ఎస్’ అని పిలిచిన ఆ పదార్థాన్ని శుద్ధి చేయడానికి పదిహేనేళ్లు పట్టింది. 1982లో జేమ్స్ క్రూగర్, పాపెన్‌హైమర్, మాన్‌ఫ్రెడ్ కర్నోవ్‌స్కీలు అది మ్యురమైల్ పెప్టైడు అని ప్రకటించారు. అది బ్యాక్టీరియా కణకవచంలో ఉండే భాగం. మెదడు తనకోసం తయారుచేసుకున్న నిద్రాద్రవ్యం దొరుకుతుందని వెదికినవారికి సూక్ష్మజీవుల జాడ దొరికింది. జబ్బుపడినప్పుడు మనిషి ఎందుకు మగతగా ఉంటాడన్న ప్రశ్నకు ఈ ఫలితం దారి చూపింది. రోజూ రాత్రి వచ్చే నిద్రకు మాత్రం అది సమాధానం కాలేదు.

3. బాసెల్ ప్రయోగాలు, 1977 నాటి వ్యాసం:

బాసెల్ విశ్వవిద్యాలయ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు మార్సెల్ మోనియే ఎంచుకున్న పద్ధతి వేరు. ఆయన జంతువులను నిద్రకు దూరం చేయలేదు. కుందేలు మెదడులోని థాలమస్ భాగాన్ని విద్యుత్తుతో ప్రేరేపించి నిద్రను కలిగించాడు. ఆ స్థితిలో మెదడు నుంచి వెలుపలికి వచ్చే సిరల రక్తాన్ని డయాలసిస్ ద్వారా వడకట్టి, ఆ ద్రవాన్ని వేరే కుందేళ్లకు ఎక్కించాడు. ఈ ప్రయోగాల తొలి ఫలితాలు హోస్లీతో కలిసి 1964లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురితమయ్యాయి. ఆ తరువాత గీడో షోనెన్‌బెర్గర్ రసాయన విశ్లేషణ బాధ్యత తీసుకున్నాడు. 1977లో ఆ ఇద్దరూ అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ పత్రికలో ఆ పదార్థ నిర్మాణాన్ని ప్రకటించారు. ట్రిప్టోఫాన్‌తో మొదలై గ్లుటామిక్ ఆమ్లంతో ముగిసే, తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది.

ఆ వ్యాస శీర్షికలో గమనించదగిన సూక్ష్మం ఒకటి ఉంది. డెల్టా మెదడు తరంగాలను ప్రేరేపించే పెప్టైడు అని దాని సారాంశం. ‘నిద్ర’ అనే మాట మాత్రం కుండలీకరణాలలో ఉంది. అంటే కొలిచినది తరంగాలను, సూచించినది నిద్రను. తరువాతి కాలంలో ఆ కుండలీకరణాలు తొలగిపోయాయి. ‘డెల్టా నిద్రాప్రేరక పెప్టైడు’ అన్నదే స్థిరమైన పేరైంది.

ఈ తేడా మాటలకు సంబంధించినది మాత్రమే కాదు. డెల్టా తరంగాలు సెకనుకు నాలుగు ఆవృత్తులకు లోబడిన మందగతి తరంగాలు. గాఢనిద్రలో అవి అధికంగా ఉంటాయి. కానీ మత్తుమందు ప్రభావంలోను, కోమాలోను కూడా మందగతి తరంగాలు కనిపిస్తాయి. అట్రోపిన్ ఇచ్చిన కుక్కలు మేల్కొని తిరుగుతున్నా వాటి మెదడు తరంగాలు నిద్రలో ఉన్నట్టే ఉంటాయని అబ్రహాం విక్లర్ 1952లోనే చూపాడు. నిద్ర ఉన్నచోట డెల్టా తరంగాలు ఉంటాయన్నది నిజమే అయినా, డెల్టా తరంగాలు ఉన్నచోటల్లా నిద్ర ఉందనడం తర్కానికి నిలవదు.

అదే 1977లో సోవియట్ శాస్త్రజ్ఞుడు లెవ్ ముఖమెతోవ్ బృందం డాల్ఫిన్లపై చేసిన పరిశీలన వెలువడింది. డాల్ఫిన్ మెదడులో ఒక అర్ధగోళం గాఢనిద్రలో ఉన్నప్పుడు రెండవది మేల్కొని ఉంటుంది. రెండింటికీ అందేది ఒకే రక్తం. రక్తంలో ప్రవహించే ఒక పదార్థమే నిద్రకు ప్రధాన కారణమైతే ఇది ఎలా సాధ్యం? బాసెల్ సిద్ధాంతానికి బలమైన సవాలు ఆ సిద్ధాంతం వెలువడిన సంవత్సరంలోనే పుట్టింది.

4. కాలం కల్పించిన విశ్వాసం:

ఇంతటి సందేహం ఉన్నా డీఎస్ఐపీకి ఆదరణ ఎందుకు లభించింది? ఆనాటి వాతావరణమే ఇందుకు కారణం. థైరాయిడ్ వ్యవస్థను నియంత్రించే టీఆర్‌హెచ్ అనే పెప్టైడు నిర్మాణాన్ని 1969లో రోజె గిల్లెమిన్, ఆండ్రూ షాలీల బృందాలు వేర్వేరుగా తేల్చాయి. అది కేవలం మూడు అమైనో ఆమ్లాల గొలుసు. 1975లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్‌లు మెదడులో సహజంగా ఉండే నొప్పినివారక పెప్టైడులైన ఎన్‌కెఫాలిన్లను వెల్లడించారు. 1977లో గిల్లెమిన్, షాలీలకు రోసలిన్ యాలోతో కలిపి నోబెల్ బహుమతి లభించింది. నొప్పికి ఒక పెప్టైడు, హార్మోన్లకు ఒక పెప్టైడు ఉన్నప్పుడు నిద్రకు మరొకటి ఉండడంలో అసంభవం ఏమీ కనిపించలేదు.

ఈ ఉత్సాహానికి మరొక ముఖం కూడా ఉంది. హ్యూస్టన్‌లో జార్జ్ ఉంగార్ చీకటికి భయపడేటట్టు శిక్షణ ఇచ్చిన ఎలుకల మెదడు నుంచి 15 అమైనో ఆమ్లాల పెప్టైడును వేరుచేసినట్టు 1972లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు. చీకటి భయం అనే అర్థం వచ్చేలా దానికి ‘స్కోటోఫోబిన్’ అని పేరు పెట్టాడు. ఆ పరిశోధనపై వాల్టర్ స్టూవర్ట్ రాసిన తీవ్ర విమర్శ కూడా అదే సంచికలో అచ్చయింది. ఆ ఫలితం ఇతర ప్రయోగశాలలలో నిలవలేదు, 1977లో ఉంగార్ మరణంతో ఆ పరిశోధన దాదాపు ఆగిపోయింది. ఒక ప్రవర్తనకు ఒక పెప్టైడు అనే సరళమైన సమీకరణం ఎంత ఆకర్షణీయమో, ఎంత బలహీనమో స్కోటోఫోబిన్ ఉదంతం చూపుతుంది.

5. మనుషులపై పరీక్షలు:

1980 దశకంలో కృత్రిమంగా తయారుచేసిన డీఎస్ఐపీని మనుషులపై పరీక్షించారు. వీటిలో ఎక్కువ భాగం డీట్రిచ్ ష్నైడర్-హెల్మెర్ట్, ఆయన సహచరులు చేసినవి. 1981లో వెలువడిన తొలి నివేదికలలో, సిరలోకి ఎక్కించిన డీఎస్ఐపీ నిద్రను మెరుగుపరచినట్టు పేర్కొన్నారు. పాల్గొన్నవారి సంఖ్య చాలా తక్కువ. మద్యం, నల్లమందు వర్గపు మాదకద్రవ్యాలు మానేవారికి కలిగే బాధలు డీఎస్ఐపీతో చాలావరకు తగ్గాయని 1984లో మరో నివేదిక వచ్చింది. అందులో వందకు పైగా రోగులు ఉన్నా, పోల్చి చూడడానికి ప్లసీబో సమూహం లేదు. మందు లేని సూది ఇచ్చినా మెరుగుదల కనిపించే స్థితులలో ఈ లోపం చిన్నది కాదు.

నిర్ణాయకమనదగిన పరీక్ష 1992లో ప్రచురితమైంది. దీర్ఘకాల నిద్రలేమితో బాధపడే 16 మందిపై, ఎవరికి మందు ఇచ్చారో ఎవరికి ప్లసీబో ఇచ్చారో రోగికి, పరీక్షకునికి కూడా తెలియని పద్ధతిలో అది జరిగింది. నిద్రలోకి జారుకునే సమయం, నిద్రాసామర్థ్యం వంటి కొలతలలో కొద్దిపాటి మెరుగుదల కనిపించింది. అయితే తమ నిద్ర బాగుపడిందని రోగులు భావించలేదు. ఫలితాలు బలహీనమైనవని, ప్లసీబో సమూహంలో యాదృచ్ఛికంగా కలిగిన మార్పు కూడా వాటికి కొంత కారణం కావచ్చునని, స్వల్పకాలిక చికిత్సగా డీఎస్ఐపీ వలన గణనీయమైన ప్రయోజనం ఉండకపోవచ్చునని పరిశోధకులే తేల్చారు.  కఠినమైన పరీక్షలో వచ్చిన బలహీన ఫలితాన్ని దాచకుండా ప్రకటించడం శాస్త్రసంప్రదాయానికి తగిన పని. నేటి ప్రచారంలో 1981 నాటి ఆశలు కనిపించినంతగా 1992 నాటి ముగింపు కనిపించదు.

6. దొరకని మూలం:

శరీరం తయారుచేసే ప్రతి పెప్టైడుకూ సాధారణంగా ఒక జన్యువు ఉంటుంది. ఆ జన్యువు ఆధారంగా ముందు పెద్ద ప్రోటీను తయారై, దాని నుంచి పెప్టైడు తెగి వస్తుంది. అది పనిచేయడానికి కణంపై ఒక గ్రాహకం ఉండాలి. డీఎస్ఐపీ విషయంలో ఈ మూడింటిలో ఏదీ నిర్ధారణ కాలేదు. దానికి బదులుగా, డీఎస్ఐపీని గుర్తించడానికి తయారుచేసిన ప్రతిరక్షకాలు మెదడులోను, రక్తంలోను, తల్లిపాలలోను దేనికో అతుక్కున్నాయి. పరిశోధకులు దానిని ‘డీఎస్ఐపీ వంటి పదార్థం’ అన్నారు. ప్రతిరక్షకం పోలికను పట్టిస్తుందే తప్ప గుర్తింపును నిర్ధారించదు. ‘వంటి’ అన్న ఆ చిన్న మాటే మొత్తం భారాన్ని మోసింది.

మరోవైపు దానికి ఆపాదించిన పనుల జాబితా పెరుగుతూ వచ్చింది. గ్రాఫ్, కాస్టిన్‌లు 1984లో రాసిన సమీక్షలో నిద్రతోపాటు అనేక ఇతర ప్రభావాల ప్రస్తావన ఉంది. నిద్ర విషయంలో ఫలితాలు తడబడిన కొద్దీ ఒత్తిడి, నొప్పి, హార్మోన్ల స్రావం వైపు పరిశోధన విస్తరించింది. అన్నింటిపైనా కొంత ప్రభావం చూపుతుందన్న పదార్థం దేనిపైన నిశ్చయంగా పనిచేస్తుందో చెప్పడం కష్టమవుతుంది.

మాస్కో శాస్త్రజ్ఞుడు వ్లదీమిర్ కోవల్జోన్, తత్యానా స్త్రెకలోవాతో కలిసి 2006లో ప్రచురించిన సమీక్ష డీఎస్ఐపీని ఇంకా విడిపోని చిక్కుముడిగా శీర్షికలోనే వర్ణించింది. అది నిద్రాద్రవ్యం అన్న ప్రతిపాదనకు ఆధారాలు బలహీనమని నిర్ధారించింది. తొలి వ్యాసం వచ్చి అప్పటికి 29 ఏళ్లు.

7. నిలిచిన ప్రమాణాలు – ఒరెక్సిన్, సీఆర్ఎఫ్:

పెప్టైడులకు నిద్రతో సంబంధం లేదని దీని అర్థం కాదు. 1998లో అమెరికాలోని రెండు బృందాలు హైపోథాలమస్‌లో ఒకే జంట పెప్టైడులను వేర్వేరుగా కనుగొన్నాయి. ఒక బృందం వాటిని ‘హైపోక్రెటిన్’ అంది. తకెషి సకురాయ్, మసాషి యానాగిసావాల బృందం ఆకలిని సూచించే గ్రీకు మాట నుంచి ‘ఒరెక్సిన్’ అని పేరు పెట్టింది. ఇక్కడ ఆరంభంలోనే జన్యువు, గ్రాహకం తెలిశాయి. 1999లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, హఠాత్తుగా నిద్రలోకి పడిపోయే నార్కోలెప్సీ వ్యాధి ఉన్న కుక్కలలో ఈ గ్రాహకపు జన్యువే చెడిపోయిందని చూపారు. ఒరెక్సిన్ జన్యువును తొలగించిన ఎలుకలలో కూడా అదే వ్యాధి కనిపించింది. 2000లో ఆ వ్యాధి ఉన్న మనుషుల మెదడులో ఒరెక్సిన్ లోపం రుజువైంది. ఆకలి పేరుతో పుట్టిన పదార్థం మేల్కొలుపును నిలిపేదిగా గుర్తింపు పొందింది. ఇక్కడ ప్రమాణం పేరును దిద్దింది. డీఎస్ఐపీ విషయంలో పేరు ప్రమాణాన్ని మరుగుపరచింది. ఈ రెండు చరిత్రల మధ్య మౌలిక భేదం ఇదే.

ఒరెక్సిన్ గ్రాహకాలను అడ్డుకునే సువోరెక్సాంట్ అనే నిద్రమందుకు 2014లో అమెరికాలో అనుమతి లభించింది. అది పెప్టైడు కాదు, మాత్రగా మింగే చిన్న అణువు. నిద్రకు సంబంధించిన పెప్టైడు పరిశోధన ఔషధంగా ఫలించింది పెప్టైడును అమ్మడం ద్వారా కాదు, పెప్టైడు పనితీరును అర్థం చేసుకోవడం ద్వారా.

ఒత్తిడి విషయంలో సీఆర్ఎఫ్ చరిత్ర మరొక హెచ్చరిక చేస్తుంది. ఒత్తిడికి శరీరం స్పందించే హార్మోన్ల క్రమాన్ని ఆరంభించే ఈ 41 అమైనో ఆమ్లాల పెప్టైడు నిర్మాణాన్ని 1981లో వైలీ వేల్ బృందం వెల్లడించింది. జన్యువు, గ్రాహకాలు, జంతుప్రయోగాలు అన్నీ దానికి అనుకూలంగానే ఉన్నాయి. దాని గ్రాహకాన్ని అడ్డుకునే పెక్సాసెర్‌ఫాంట్ అనే మందును ఆందోళన రోగులపై పరీక్షించగా, 2010లో ప్రచురితమైన ఫలితాలలో అది ప్లసీబో కంటే మెరుగ్గా పనిచేయలేదు. మూలం నిర్ధారణ కావడం చికిత్సకు తొలి మెట్టు మాత్రమే. ఆ తొలి మెట్టు కూడా ఎక్కని పదార్థాన్ని చికిత్సగా విక్రయించడంలోని అసంబద్ధత దీనితో స్పష్టమవుతుంది.

8. సెలాంక్ – మధ్యస్థమైన ఉదాహరణ:

ఆందోళన నివారణకు ప్రచారంలో ఉన్న సెలాంక్ చరిత్ర డీఎస్ఐపీ చరిత్రకు భిన్నం. దాని మూలం సందిగ్ధం కాదు. 1970లో విక్టర్ నజ్జార్ అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో వెల్లడించిన టఫ్ట్సిన్ అనే నాలుగు అమైనో ఆమ్లాల పెప్టైడుకు, ఎంజైములు త్వరగా ఛేదించకుండా మరో మూడింటిని చేర్చి మాస్కోలోని అణుజన్యుశాస్త్ర సంస్థ శాస్త్రజ్ఞులు సెలాంక్‌ను రూపొందించారు. రష్యాలో ముక్కులో వేసే చుక్కల మందుగా దానికి అనుమతి ఉంది. సాధారణ ఆందోళన, నరాల నీరసం ఉన్న 62 మంది రోగులపై దానిని మెడాజెపామ్ అనే మందుతో పోల్చిన ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. ఆందోళన తగ్గించడంలో రెండూ సమానమని ఆ వ్యాసం పేర్కొంది.

ఈ ప్రమాణాన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు. అయితే దాని పరిమితిని కూడా చెప్పాలి. రోగుల సంఖ్య తక్కువ. పరిశోధనలో ఎక్కువ భాగం మందును రూపొందించిన దేశానికే పరిమితం. ఒక మందు మరొక మందుతో సమానమని చిన్న సమూహంలో తేలడం, అది ప్లసీబో కంటే మెరుగైనదని రుజువు కావడం ఒకటి కావు. సెలాంక్ విషయంలో ‘ప్రమాణం అసంపూర్ణం’ అనడం సముచితం. డీఎస్ఐపీ విషయంలో ‘పరీక్షలో ప్రమాణం నిలవలేదు’ అనడం సముచితం. ప్రచారం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘నిరూపితం’ అంటుంది.

9. ప్రయోగశాల నుంచి విపణికి:

ఘనమాధ్యమంపై పెప్టైడులను సంశ్లేషించే పద్ధతిని బ్రూస్ మెరిఫీల్డ్ 1963లో ప్రవేశపెట్టాడు. 1984లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ పద్ధతితో ఏ క్రమంలోనైనా అమైనో ఆమ్లాలను కూర్చడం సులువైంది. తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసును తయారుచేయడానికి అది శరీరంలో నిజంగా ఉందా, పనిచేస్తుందా అన్న ప్రశ్నలతో నిమిత్తం లేదు. తయారీ సులభమైన చోట రుజువు కోసం ఎదురుచూసే ఓపిక సన్నగిల్లుతుంది.

‘పరిశోధన వినియోగానికి మాత్రమే’ అనే చీటీతో సీసాలు అమ్మడం ఈ విపణిలో పరిపాటి. ఔషధంగా అమ్మితే వర్తించే చట్టపు పరీక్షలను తప్పించుకోవడానికి ఆ చీటీ ఉపకరిస్తుంది. 2023 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ, మందుల దుకాణాలు స్వయంగా మిశ్రమాలు తయారుచేసేందుకు ప్రతిపాదించిన పదార్థాలలో భద్రతా సందేహాలు గల వర్గంలోకి డీఎస్ఐపీ, సెలాంక్, సెమాక్స్, ఎపిటాలాన్ తదితర పెప్టైడులను చేర్చింది. శరీరపు రక్షణవ్యవస్థ ప్రతికూలంగా స్పందించే అవకాశం, తయారీలో మిగిలే మలినాలు, మనుషులలో భద్రతకు సంబంధించిన సమాచారం కొరవడడం ఇటువంటి పదార్థాలపై వ్యక్తమైన ప్రధాన సందేహాలు. ప్రయోజనం రుజువు కాని చోట చిన్న ప్రమాదం కూడా పెద్దదే అవుతుంది. నిద్రలేమి ఉన్న వ్యక్తి ఈ సీసాలపై ఆశ పెట్టుకున్నప్పుడు కోల్పోయేది డబ్బు ఒక్కటే కాదు. నియంత్రిత పరీక్షలలో ఫలితం చూపిన నిద్రలేమి ప్రవర్తనా చికిత్స వంటి మార్గాలకు అతడు ఆలస్యంగా చేరుకుంటాడు.

10. ముగింపు:

పై పరిశీలన వలన ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

1. డీఎస్ఐపీ మోసం నుంచి పుట్టలేదు. 1909 నుంచి శాస్త్రజ్ఞులు వేసుకున్న నిజమైన ప్రశ్నకు అది నిజాయితీతో కూడిన, కానీ నిలవని జవాబు.

2. 1977 నాటి వ్యాసం కొలిచినది డెల్టా తరంగాలను. కుండలీకరణాలలోని ‘నిద్ర’ ప్రధాన పదంగా మారడంతో సూచన కాస్తా నిర్ధారణగా చెలామణి అయింది.

3. జన్యువు, గ్రాహకం, లోపం వలన కలిగే వ్యాధి, నియంత్రిత పరీక్ష అనే నాలుగు ప్రమాణాలలో ఒరెక్సిన్ నెగ్గింది. సీఆర్ఎఫ్ చివరి మెట్టు దగ్గర ఆగింది. సెలాంక్ ప్రమాణం అసంపూర్ణంగా ఉంది. డీఎస్ఐపీకి మొదటి మూడూ లభించలేదు, నాలుగవది బలహీనంగా ముగిసింది.

4. ప్రచురితమైన వ్యాసం ఉండడాన్నే ప్రమాణంగా చూపడం ప్రచారపు ప్రధాన పద్ధతి. కనుక ఒక వ్యాసాన్ని ఉదహరించినప్పుడు దాని తరువాతి చరిత్రను కూడా అడగడం పరిశోధకుల, అధ్యాపకుల కర్తవ్యం.

శాస్త్రంలో పేరు పెట్టడం ఒక ప్రతిపాదన చేయడమే. ఆ ప్రతిపాదన వీగిపోయినప్పుడు పేరు దానంతట అది చెరిగిపోదు. అది వ్యాసాల నుంచి నిఘంటువులకు, అక్కడి నుంచి సీసాల మీది చీటీలకు చేరుతుంది. ఆ ప్రయాణంలో జారిపోయిన కుండలీకరణాలను తిరిగి చూపించడం విజ్ఞానశాస్త్ర చరిత్ర చేయగల ఉపయోగకరమైన పనులలో ఒకటి.